మైత్రిలో వింటరింగ్: మనసుకు ఏమవుతుంది, వెళ్లేముందు ఏం సర్దుకోవాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీ తమ్ముడు జనరేటర్ మెకానిక్‌గా అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రానికి వింటరింగ్ బృందంలో, అంటే చలికాలమంతా అక్కడే ఉండిపోయే బృందంలో, ఎంపికయ్యాడు. ఏడాదికి పైగా ఇంటికి రాడు. "అక్కడ చీకట్లో ఉండి ఉండి మనుషులకు మతి చెడుతుందట" అని ఎవరో అన్న దగ్గర్నుంచి మీ అమ్మగారికి నిద్ర లేదు. ఇందులో నిజమెంత, ముందుగా ఏం చేసుకోవాలి అన్నారు.

ముందు అమ్మగారికి చెప్పాల్సిన మాట. అమెరికన్ కేంద్రాల్లో చలికాలం గడిపినవాళ్లను లారెన్స్ పలింకాస్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి పరిశీలించాడు. మానసిక వైద్యుడు జబ్బు అని పేరు పెట్టదగ్గ స్థితికి వచ్చినవాళ్లు వందకు సుమారు ఐదుగురు. అందులోనూ ఎక్కువ భాగం దిగులు, నిద్రలేమి, సర్దుకోలేకపోవడం లాంటివే. అమెరికా నౌకాదళం వాళ్ల మీద ఆయనే చేసిన మరో పరిశీలనలో, చలికాలం గడిపి వచ్చినవాళ్లు ఆ తర్వాతి ఏళ్లలో ఆస్పత్రి పాలైంది తక్కువ. పోల్చింది ఎవరితో అంటే, ఎంపికై కూడా వేరే చోటికి వెళ్లినవాళ్లతో. కాబట్టి "మతి చెడుతుంది" అన్నది చాలా పెద్ద మాట. అలాగని ఏమీ జరగదని చెప్పను. దాదాపు ప్రతి ఒక్కరికీ ఎంతో కొంత జరుగుతుంది. అది ఏమిటో ముందే తెలిస్తే సగం ఇబ్బంది తగ్గుతుంది.

అక్కడి పరిస్థితి ఇదీ. మైత్రి షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద 1989 నుంచి నడుస్తోంది. చలికాలంలో ఉండేది సుమారు పాతికమంది. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో రష్యావాళ్ల నోవోలజారెవ్‌స్కయా కేంద్రం తప్ప చుట్టుపక్కల ఇంకెవరూ ఉండరు. వేసవి ముగిసి ఓడ వెళ్లిపోయాక మళ్లీ నవంబరు ప్రాంతంలో విమానం దిగేదాకా రాకపోకలు దాదాపు బంద్. మే మూడో వారం చివర్లో మునిగిన సూర్యుడు జూలై నాలుగో వారంలో గానీ కనబడడు. ఆ రెండు నెలలూ కటిక చీకటి అనుకోవద్దు. మధ్యాహ్నం వేళ ఉత్తర దిక్కున ఆకాశం అంచున కాసేపు నారింజ రంగు వెలుగు పరుచుకుంటుంది. దక్షిణార్ధగోళం కాబట్టి వెలుగు వచ్చేది ఉత్తరం నుంచే. వాతావరణం బాగుంటే రోజూ ఆ వెలుగు ఉన్నంతసేపు బయటికి వచ్చి నిలబడమని మీ తమ్ముడికి ఇప్పుడే చెప్పండి.

నా ఉద్దేశంలో అక్కడ మనిషిని నలిపేది చలి కన్నా, చీకటి కన్నా రెండు విషయాలు. ఒకటి నిద్ర గతి తప్పడం. రెండోది, ప్రపంచానికంతటికీ దూరంగా ఉంటూ కూడా ఒక్క క్షణం ఒంటరిగా ఉండలేకపోవడం. "పాపం ఒంటరిగా ఉంటాడు" అని మీవాళ్లు బాధపడుతున్నారు గానీ, అక్కడికి వెళ్లినవాళ్ల ఫిర్యాదు ఎక్కువగా దీనికి తిరగేసి ఉంటుంది: అవే పాతిక ముఖాలు, అవే మాటలు, అవే జోకులు, పారిపోవడానికి వీధి చివర టీ కొట్టు కూడా లేకపోవడం.

నిద్రతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దీని వెనకే వస్తాయి. మన ఒంట్లో గడియారం సరిగ్గా 24 గంటలది కాదు, చాలామందిలో కొన్ని నిమిషాలు ఎక్కువే ఉంటుంది. ఇక్కడ పొద్దున్నే కంట్లో పడే ఎండ దాన్ని రోజూ 24 గంటలకు సరిచేస్తుంది. ఎండ లేకపోతే ఆ గడియారం తన దారిన తాను పోతుంది. బ్రిటిష్ వాళ్ల హాలీ కేంద్రంలో చలికాలంలో ఇది కొందరిలో స్పష్టంగా నమోదైంది. పైకి కనబడేది ఇలా ఉంటుంది: నిన్నటి కన్నా ఇవాళ పావుగంట ఆలస్యంగా నిద్రపడుతుంది, రేపు ఇంకో పావుగంట. మూడు నాలుగు వారాల్లో మనిషి తెల్లవారుజామున పడుకుని మధ్యాహ్నం లేస్తుంటాడు. పొద్దుటి టిఫిన్‌కు రాడు, రాత్రి వంటింట్లో ఒక్కడే మిగిలింది తింటాడు, కబుర్లకు దొరకడు. అప్పుడు తోటివాళ్లు "వాడికేదో అయింది, మాతో కలవడం లేదు" అంటారు. దిగులు వల్ల నిద్ర చెడిందని అందరూ అనుకుంటారు, చాలాసార్లు జరిగేది నిద్ర చెడి దిగులు రావడం.

దీనికి మందు లేచే వేళ. పడుకునే వేళ మన చేతిలో ఉండదు, లేచే వేళ ఉంటుంది. ఉదయం ఆరున్నర అనుకుంటే ఆదివారమైనా, రాత్రి ఎంతకి పడుకున్నా ఆరున్నరకే లేవాలి. రాత్రి డ్యూటీ పడ్డ రోజుల సంగతి వేరు. అది ముగిసిన మర్నాటి నుంచి మళ్లీ పాత వేళకు రావాలి. లేచిన గంటలోపు 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) వెలుగిచ్చే థెరపీ ల్యాంప్ ముందు అరగంట కూర్చోవాలి. పేపరు చదువుకుంటూనో, కాఫీ తాగుతూనో కూర్చోవచ్చు, దీపాన్ని గుచ్చి చూడక్కర్లేదు, కాస్త పక్కగా పెట్టుకుంటే చాలు. ఇందులో జరిగే పొరపాటు దూరం. 10,000 లక్స్ అనేది డబ్బా మీద రాసిన దూరంలోనే, చాలా దీపాలకు అది మూరెడు లోపే ఉంటుంది. దూరం రెండింతలు చేస్తే అందే వెలుగు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. దీపాన్ని బల్లకు అవతల పెట్టుకుని "నాకేం పనిచేయలేదు" అనేవాళ్లు ఎక్కువ. రెండో పొరపాటు సాయంత్రం వాడడం. అప్పుడు గడియారం ఇంకా వెనక్కి జరిగి నిద్ర మరింత ఆలస్యమవుతుంది. కేంద్రంలో ఇలాంటి దీపాలు ఉన్నాయో లేదో ఈ కేంద్రాన్ని నడిపే గోవాలోని ధ్రువ పరిశోధన సంస్థ ఎన్‌సీపీఓఆర్ వాళ్లను బయలుదేరేముందే అడిగి తెలుసుకోమనండి. బైపోలార్ (మనసు అతి హుషారుకూ అతి దిగులుకూ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్లు, రెటీనా జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దీన్ని వాడకూడదు.

టీ, కాఫీ మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. పగటి కునుకు అరగంట మించకూడదు, అదీ మూడింటిలోపు. నిద్ర పట్టడానికి మద్యం తాగడం అక్కడ సులువుగా అలవాటయ్యే దారి. మద్యంతో నిద్ర త్వరగా పడుతుంది, రాత్రి రెండు మూడు గంటలకు తెగుతుంది, మర్నాడు మనసు ఇంకా బరువుగా ఉంటుంది. మెలటోనిన్ లాంటి నిద్ర మాత్రలు కేంద్రం డాక్టరు ఇస్తేనే. వేసవిలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య వస్తుంది: సూర్యుడు అస్తమించడు, పని చేస్తూనే ఉంటారు, ఒళ్లు అలసట చెప్పదు. అందుకని కళ్లకు కట్టుకునే నల్ల గుడ్డ ఒకటి సామాన్లలో పెట్టండి. బరువేం లేదు, మొదటి వారం నుంచే పనికొస్తుంది.

వెలుగుకు మనసుతో సంబంధం ఉందని అంటార్కిటికాకు వెళ్లినవాళ్లు చాలా ముందే గమనించారు. 1898లో బెల్జియంవాళ్ల బెల్జికా ఓడ మంచులో ఇరుక్కుపోయి ఏడాదికి పైగా బయటపడలేదు. ఓడ డాక్టరు ఫ్రెడరిక్ కుక్ నీరసించి, దిగాలు పడ్డవాళ్లను బట్టలు విప్పించి మండే పొయ్యి ఎదుట గంటసేపు కూర్చోబెట్టేవాడు, ఇష్టం లేకపోయినా సీల్, పెంగ్విన్ తాజా మాంసం తినిపించేవాడు. మాంసం స్కర్వీని (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బును) తగ్గించింది. పొయ్యి వెలుగు, దగ్గరుండి చూసే మనిషి, రోజూ ఒక క్రమం, ఇవి మనసుకు పనిచేశాయి.

ఇక మతిమరుపు. మెకానిక్ పనికి ఇది ముఖ్యం. చలికాలం నడిమికి వచ్చేసరికి చాలామందికి ఏకాగ్రత జారుతుంది. మాట మధ్యలో ఆగి శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు, గదిలోకి ఎందుకొచ్చారో మరిచిపోతారు. దీని వెనక ఒంట్లో మార్పులూ ఉన్నాయి. దీర్ఘకాలం చలిలో ఉన్నవాళ్లలో థైరాయిడ్ టీ3 హార్మోన్ వాడకం తీరు మారుతుందని తేలింది. జర్మన్ వాళ్ల నాయ్‌మాయర్ కేంద్రంలో 14 నెలలు గడిపిన 9 మందిని పరిశీలించి 2019లో ప్రచురించిన ఫలితాల్లో, జ్ఞాపకశక్తికి సంబంధించిన మెదడు భాగంలో ఒక చిన్న ప్రాంతం సుమారు 7 శాతం తగ్గింది. చదివి కంగారు పడకండి. ఇది చాలా కొద్దిమంది మీద చేసినది, వాళ్లెవరూ మతి పోగొట్టుకోలేదు. నేర్చుకోవాల్సింది ఏమిటంటే జూలైలో జ్ఞాపకాన్ని నమ్ముకుని యంత్రం మీద పని చేయకూడదు.

మెకానిక్ ఇంట్లో కళ్లు మూసుకుని చేయగల పనే అక్కడ కాగితం చూసి చేయాలి. ఆయిల్ మార్చడం, ఫిల్టర్ బిగించడం, ఇంధనం పైపు వాల్వ్ తెరిచి మూయడం, ఒక్కో మెట్టు రాసిపెట్టుకుని, చేశాక పక్కన టిక్ పెట్టాలి. డ్యూటీ అప్పజెప్పేటప్పుడు నోటిమాట చాలదు, రిజిస్టర్‌లో రాయాలి. ఏ వాల్వ్ మూశాం, ఏ యంత్రం ఆగి ఉంది, ఎందుకు ఆగింది అన్నవి అందులో ఉండాలి. జనరేటర్ ఆగితే ఆ కేంద్రంలో వేడీ నీళ్లూ రెండూ ఆగుతాయి కాబట్టి ఆ తప్పు తాలూకు అపరాధభావం కూడా మామూలుది కాదు, వారాల తరబడి మనిషిని తొలుస్తుంది. బయటికి ఒంటరిగా వెళ్లకూడదు, వెళ్లే వేళ, వచ్చే వేళ రేడియో గదిలో చెప్పాలి. ఇవన్నీ కేంద్రం నియమాల్లో ఉండేవే. చలికాలం గడిచేకొద్దీ "ఇంత దూరానికేగా" అని సడలేవీ ఇవే.

మనుషుల మధ్య రాపిడి గురించి ఎంత చెప్పినా తక్కువే. పెద్ద గొడవలు అరుదు. వచ్చేవన్నీ చిన్నవి: చెంచా చప్పుడు, నమిలే చప్పుడు, తలుపు విసురుగా వేయడం, తన వంతు గిన్నెలు తోమకుండా జారుకోవడం, ఒకరే ఇంటర్నెట్ వాడేస్తున్నారన్న అనుమానం. మైత్రిలో వంటింటి సాయం, శుభ్రం చేసే పని వంతులవారీగా అందరికీ పడతాయి, అధికారి అయినా శాస్త్రవేత్త అయినా. ఆ వంతు ఎగ్గొట్టడం మిగతా ఏ తప్పు కన్నా ఎక్కువ పగ పెంచుతుంది. మీ తమ్ముడికి ఒక్క సలహా ఇవ్వాలంటే ఇదే ఇస్తాను: నీ వంటింటి రోజు అడక్కుండా వెళ్లు, ఒళ్లొంచి చేయి.

మాస్కోలో 2010 జూన్ నుంచి 2011 నవంబరు దాకా ఆరుగురిని 520 రోజులు మూసి ఉన్న గదుల్లో ఉంచి అంగారక ప్రయాణం అనుకరణ చేశారు. అక్కడ నమోదైన ఘర్షణల్లో ఎక్కువ శాతం ఇద్దరు మనుషుల చుట్టూనే తిరిగాయి, ఆ ఇద్దరే అందరికన్నా అలసటతో, ఒత్తిడితో ఉన్నవాళ్లు. అంటే చిరాకు పడే మనిషిని చెడ్డవాడనుకునేముందు వాడు ఎన్ని రాత్రులుగా నిద్రపోలేదో అడగాలి. అభ్యంతరం ఉంటే అదే రోజు, ఇద్దరే ఉన్నప్పుడు, జరిగిన ఒక్క పని గురించే చెప్పాలి. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాట పాతికమంది ఉన్నచోట మూడు నెలలు బతుకుతుంది. భోజనాల బల్ల దగ్గర నలుగురిలో నిలదీయడం అన్నింటికన్నా ప్రమాదం.

భాష సంగతి మీవాళ్లకు తట్టి ఉండదు. బృందంలో అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉంటారు, మాటలు ఎక్కువగా హిందీలో నడుస్తాయి. తెలుగువాడు ఒక్కడే అయితే ఫోన్లో తప్ప నెలల తరబడి సొంత భాష చెవిన పడదు. అది చెప్పుకోలేని వెలితి. ఇద్దరు ముగ్గురు ఉంటే ఇంకో చిక్కు: బల్ల దగ్గర తెలుగులో మాట్లాడుకుని నవ్వితే పక్కవాడు తన గురించేనేమో అనుకుంటాడు. మన గదిలో తెలుగు, బల్ల దగ్గర అందరి భాష, ఈ కట్టుబాటు మొదటి వారంలోనే పెట్టుకోవాలి. వినడానికి అమ్మగారి గొంతు, ఇంటి కబుర్లు, పిల్లల మాటలు రికార్డు చేసి ఫోన్లో వేసి పంపండి. నెట్ లేకపోయినా వినొచ్చు.

రోజులు గడిచే తీరు కూడా తెలిసి ఉంటే మంచిది. మొదటి నెలలు పనిలో, కొత్తలో గడిచిపోతాయి. జూన్ 21న అంటార్కిటికాలోని కేంద్రాలన్నీ మిడ్‌వింటర్ పండగ చేసుకుంటాయి, ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకుంటారు. చాలామందికి కష్టకాలం ఆ పండగ తర్వాతే, జూలై నుంచి సెప్టెంబరు దాకా. సగం అయిపోయిందన్న సంతోషం "ఇంకా ఇంత ఉందా" అనే నీరసంగా మారుతుంది. గడువును నాలుగు పాదాలు చేస్తే ఇది వచ్చేది మూడోదాంట్లో కాబట్టి పరిశోధకులు దీన్ని మూడో పాదం సమస్య అంటారు. అందరికీ కచ్చితంగా వస్తుందని రుజువు కాలేదు గానీ ముందుజాగ్రత్తకు ఖర్చేం లేదు. ఇంటి నుంచి కట్టి ఇచ్చే చిన్న పొట్లాలు కొన్ని "ఆగస్టులో విప్పు", "వినాయకచవితికి విప్పు" అని రాసి ఇవ్వండి. ఏదైనా నేర్చుకోవాలనుకుంటే ఆ పని ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి, జూలైలో కొత్తది మొదలుపెట్టే ఓపిక ఉండదు. వ్యాయామం వారానికి ఐదు రోజులు, ముప్పావుగంట, తోడు ఒకరిని పెట్టుకుని.

ఇక సామాన్లలో తిండి సంగతి. ఊరగాయ గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూతకు టేపు చుట్టి రెండు కవర్లలో వేయండి. కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి చిన్న చిన్న ప్యాకెట్లుగా చేస్తే నెలకొకటి తీసుకోవచ్చు, పదిమందికి పంచొచ్చు. పంచుకోవడం అక్కడ స్నేహానికి దగ్గరి దారి. తాజా కూరలు అయిపోయాక నోటికి రుచి అన్నది మనసుకు సంబంధించిన విషయం అవుతుంది. తులసి మొక్క, కుండీ మట్టి, నాటే విత్తనాలు మాత్రం పెట్టొద్దు. అంటార్కిటిక్ ఒప్పందం కింద బయటి మొక్కలను, మట్టిని అనుమతి లేకుండా అక్కడికి తీసుకెళ్లకూడదు. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున షాక్ కొడుతుంది, పెదాలు, ముక్కు లోపల పగులుతాయి. వాజలీన్ కాస్త ఎక్కువే పెట్టండి.

ఇప్పుడు మీ ఇంటి వంతు. బయలుదేరకముందే అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన కఠినమైన ప్రశ్న ఒకటుంది: ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, పోతే, అతనికి చెప్పాలా? చలికాలంలో అతను రాలేడు. కొందరు వెంటనే తెలియాలంటారు, కొందరు వచ్చాక చెప్పమంటారు. ఏది సరైనదన్నది అతనే చెప్పాలి, మీరు ఊహించకూడదు. కాగితం మీద రాసుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. చెప్పాలన్నాడనుకుందాం, అప్పుడు మొదటి ఫోన్ అతనికి చేయొద్దు. ఎన్‌సీపీఓఆర్ ద్వారా బృందం నాయకుడికీ డాక్టరుకూ ముందు తెలియజేసి, వాళ్లు పక్కన ఉండగా ఇంట్లో ఒక్కరే మాట్లాడాలి. ఆ ఒక్కరెవరో కూడా ముందే అనుకోవాలి. బంధువుల వాట్సాప్ గ్రూపులో సానుభూతి సందేశం చూసి తెలుసుకోవడం అన్నింటికన్నా ఘోరం, అందుకని అలాంటి సమయంలో గ్రూపును అదుపులో పెట్టే బాధ్యత ఇంకొకరికి అప్పగించండి. దాచమన్నాడంటే అందరూ దాచాలి. సగం తెలిసి సగం తెలియని స్థితిలో రాత్రిళ్లు ఊహలు చేసే హాని అసలు వార్త కన్నా ఎక్కువ.

పొలం రిజిస్ట్రేషన్, బ్యాంకు సంతకాలు, ఇంటి అప్పు, వీటికి బయలుదేరకముందే పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. ఫోన్‌కు వారంలో ఒక రోజు, ఒక వేళ పెట్టుకోండి. రోజూ మాట్లాడటం ప్రేమలా కనబడుతుంది గానీ, అతని మనసు రెండు చోట్లా లేకుండా పోతుంది. శాటిలైట్ లింకులో మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది. అతను గమ్మున ఉన్నాడంటే కోపం అనుకోకండి. తుపాను రోజుల్లో ఫోన్ రాకపోవచ్చు, రెండు మూడు రోజులు రాకపోయినా అమ్మగారు కంగారు పడకూడదని ఇప్పుడే చెప్పి ఉంచండి. అతను తీర్చలేని తగాదాలు ఫోన్లో పెట్టకండి. గేదె ఈనిందనీ, పక్కింటివాళ్లు రంగులేయించారనీ చెప్పండి. వినేవాడికి కావాల్సింది ఆ మామూలు కబుర్లే.

జాగ్రత్త పడాల్సిన గుర్తులు: వరసగా రెండు మూడు రాత్రులు అసలు నిద్ర లేకపోవడం, అందరితో కలిసి తినడం మానేయడం, "నా మీద కుట్ర జరుగుతోంది" అనడం, లేని మాటలు వినబడడం, బతకడం దండగ అనడం. చివరి మూడింట్లో ఏ ఒక్కటైనా ఫోన్లో వినబడితే అదే రోజు ఎన్‌సీపీఓఆర్‌కు చెప్పండి, "వాడి ఉద్యోగానికి చెడ్డపేరొస్తుందేమో" అని ఆగొద్దు. ఈ భయంతోనే చాలామంది కేంద్రం డాక్టరుకూ చెప్పరు. ఆ డాక్టరు కూడా అదే గూటిలో ఉన్న మనిషే. 1984లో అర్జెంటీనావాళ్ల అల్మిరాంటే బ్రౌన్ కేంద్రంలో, ఇంకో చలికాలం ఉండమన్నారని డాక్టరే కేంద్రానికి నిప్పు పెట్టాడు. ఎంత చదువుకున్నా ఎవరూ దీనికి అతీతులు కారు. ఇక్కడ మీ అమ్మగారికి ఆందోళన తగ్గకపోతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఒక్క విషయం మాత్రం మీరే గమనించి అడగాలి. ఈమధ్య దగ్గరివాళ్లు పోయారా, మందు అలవాటు ఉందా, భార్యతో గొడవ నుంచో అప్పుల నుంచో తప్పించుకోవడానికి వెళుతున్నాడా? ఎంపికకు ముందు వైద్య, మానసిక పరీక్షలు చేస్తారు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు శిక్షణ ఉంటుంది, అయినా ఇవి మనిషి దాస్తే బయటపడవు. అలాంటిదేమైనా ఉంటే ఈ ఏడాది ఆగమనడం మేలు. నలుగురిలో కలివిడిగా ఉండనివాడని దిగులు పడకండి. చలికాలం బాగా గడిపేది ఎక్కువగా తన పనిలో తాను ఉండే, త్వరగా విసుగు చెందని నిదానస్తులే.

తిరిగొచ్చాక మొదటి రోజే చుట్టాలందరినీ పిలవకండి. నెలల తరబడి పాతికమందినే చూసినవాడికి రైల్వే స్టేషన్ జనం, హారన్లు, పెళ్లి మైకులు భరించలేనట్టు ఉంటాయి. బయటి క్రిములు తగలని ఒళ్లు కాబట్టి జలుబు, జ్వరం కూడా త్వరగా పట్టుకుంటాయి. పిల్లలుంటే మొహం చాటేస్తారు, అది అతన్ని బాగా బాధిస్తుంది, వారం పది రోజులు ఓపిక పట్టమనండి. అతను లేనప్పుడు ఇల్లు నడిపినవాళ్ల చేతుల్లోంచి పెత్తనం ఒక్కసారిగా లాక్కోకూడదు. డబ్బు పెద్దమొత్తంలో చేతికొస్తుంది కాబట్టి స్థలం, కారు లాంటి నిర్ణయాలు రెండు నెలలు వాయిదా వేయండి. ఆరువారాలు దాటినా నిద్ర కుదుటపడకపోతే, గదిలోంచి రాకపోతే, చిన్నదానికీ భగ్గుమంటుంటే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కడ ఎన్ని నెలలు ఉండి వచ్చాడో మొదటే చెప్పండి, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు కూడా చేయించమని అడగండి.